మూడో నూతి తీపి

ఇత్తడి గుండు నీళ్లలో ఒక బార లోతుకు దిగగానే దాలినాయుడు టేపు బిగబట్టాడు. గుండును మూడుసార్లు ఆడించి, చేతిలోని పలక మీద అంకె కుదుటపడేదాకా ఆగాడు. ఉప్పంకె నాలుగు. నిన్న మూడు ముప్పావు, మొన్న మూడున్నర. నూతి లోపల అదే లోతున వేలాడుతున్న యంత్రపు కన్ను కూడా నాలుగనే చెప్పింది. యంత్రమూ మనిషీ ఒక్క మాట మీదే ఉన్నారు గనక కొలత చెల్లింది. పలక మీద ఎర్రగా అక్షరాలు వెలిగాయి: ఐదో నుయ్యి, చోరీ కొనసాగుతోంది, నీటి వాటాలో కోత కొనసాగుతుంది.

పొద్దున్న ఏడున్నరకే వేడీ తేమా కలిపి చూసే తడివేడి ముప్పై రెండు దాటింది. చెమట పట్టడమే గానీ ఆరడం లేదు.

"ఎంతున్నాది బాబూ?" అంది వెనక నుంచి గురువులమ్మ. ఆ వీధి పంపు దగ్గర నీళ్లు పంచే మనిషి ఆవిడ. అరవై దాటినా గొంతు మాత్రం గంట మోగినట్టే ఉంటుంది.

"నాలుగప్పా."

"అయితే ఇంకా కోసేస్తారేటి?"

"ఆరు లీటర్లకి కిందకి కొయ్యడానికి రూల్లేదు."

"ఓలమ్మో, ఎంత దయ!" అని గురువులమ్మ రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టింది. "ఊరందరికీ పన్నెండు, మాకు ఆరు. మేం దొంగలం మరి! ఈ నూతి గొలుసు నువ్వే తీత్తావు, నువ్వే ఏత్తావు. పగలూ రేత్రీ ఆ కన్ను సూత్తానే ఉంటాది. తోడిన దొంగెవుడో దాన్నే సెప్పమను. సోమారం నాడు మా ఆయన ఎల్లిపోనాడు. తన వాటా నాకు తాగించీసి, నాను తాగీసినాన్లే అని అబద్దమాడినాడు బాబూ. ఒంట్లో నీరు లేక సచ్చిపోనాడు. ఆ దొంగ నీళ్లేయీ, మా ఇంటికైతే రాలేదు."

దాలినాయుడు టేపు చుట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా నూతులు కొలిచే కొలమేస్త్రి అతను. టేపు చుడుతున్నంత సేపూ అతనికి సిగ్గుగానే ఉంది.

అసలు ఈ ఊరి కథంతా అడుగునే ఉంది. పడమట కొండలు, తూర్పున సముద్రం, నడుమ పళ్లెంలాంటి ఎర్రనేల. దాని కింద ఖొండలైట్ రాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పైకి కొండంత గట్టిగా కనిపించే ఆ రాయి లోలోపల పుచ్చిపోయి, ఒళ్లంతా పగుళ్లు పడి ఉంటుంది. ఆ పగుళ్లలోని మంచినీళ్లను జనం నూరేళ్లు ఎడాపెడా తోడేసుకున్నారు. ఖాళీ అయిన చోటుకు సముద్రం నింపాదిగా నడిచి వచ్చింది. ఒడ్డున పోసిన బండలు అలల్ని ఆపాయి గానీ, భూమిలోంచి వచ్చేదానికి బండలేం చేస్తాయి? అందుకని తీపిగోడ లేపారు. ఒడ్డు పొడవునా రెండు వందల దింపుడు బోర్లు వేసి, మంచినీళ్లను ఒత్తిడితో భూమిలోకి దించి, ఆ నీళ్లనే ఉప్పుకు అడ్డుగోడగా నిలబెట్టారు. మనిషికి పన్నెండు లీటర్లిచ్చి మట్టికి నదులు తాగిస్తున్నారని జనం తిట్టుకుంటారు. అదీ నిజమే. గోడ లేకపోతే ఆ పన్నెండూ ఉండవన్నదీ నిజమే.

ఏ బోరులో ఎంత నీరు దించాలో చెప్పేది గణకం అనే లెక్కల యంత్రం. దానికి మొదట్లో భూమి లోతుల్లో నూట నలభై కళ్లుండేవి. ఐదేళ్లలో ఉప్పు వాటిని తినేసింది. ఇక మిగిలినవి ఏడు పాత నూతులు, వాటిలో వేలాడే ఏడు కళ్లు. ఊళ్లో తక్కిన నూతులన్నిటికీ సిమెంటు మూతలు బిగించి, ఈ ఏడింటినే చూపునూతులుగా తెరిచి ఉంచారు.

ఏడింటిలో ఆరు తీపి. ఐదోది ఒక్కటే ఉప్పు. ఐదోదేమో ఒడ్డుకు రెండు మైళ్లు లోపల, ఒడ్డున ఉన్న మూడో నూతికి సరిగ్గా వెనక ఉంది. సముద్రం మూడో నూతిని దాటకుండా ఐదో నూతికి ఎలా వస్తుంది, ఎగిరొస్తుందా? రాదు గనక గణకం ఒక లెక్క తేల్చింది. అక్కడి జనం చాటుగా నీళ్లు తోడేస్తున్నారు, అందుకే అడుగున మిగిలిన పాత ఉప్పు పైకి లేస్తోంది, అంకె దిగేదాకా వాళ్ల నూతికి గొలుసు వెయ్యాలి, వాటా సగానికి కోయాలి. లెక్కలో తప్పేమీ లేదు. దాలినాయుడు కూడా ఆ లెక్కనే నమ్మాడు.

మామూలుగా అతను ఏడు గంటలకే మూడో నుయ్యి ముగించి ఐదోదానికి వస్తాడు. ఇవాళ వరస మార్చాడు. మూడో నుయ్యి ఉన్న గంటాలమ్మ వీధిలోనే అతని కూతురు నీలవేణి కాపురం. మనవరాలు పుట్టి ఇరవై ఒక్క రోజులు. ఇవాళ బాలింత నూతిలో చేద వేసే వేడుక. నూతికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పసిబిడ్డ తల్లి తన చేత్తో మొదటి చేద తోడాలి. చేదా తాడూ పుట్టింటివాళ్లే తేవాలి. నీలవేణి తల్లి పోయి నాలుగేళ్లయింది. అందుకని మగవాళ్లు నూతి ఛాయలకే రాకూడని ఆ వేడుకకు దాలినాయుడు వస్తున్నాడు. భుజాన కొత్త తాడు, చేతిలో బిందె నిండా మంచినీళ్లు. నాలుగు రోజులు గొంతు తడుపుకోవడమే తప్ప తాగకుండా మిగిల్చిన నీళ్లవి. బిందె తప్పకుండా తెమ్మని వియ్యపురాలు సన్యాసమ్మ కబురు పెట్టింది. ఎందుకో చెప్పలేదు, అతనూ అడగలేదు. ఆడవాళ్ల శాస్త్రం గదా, మనకెందుకనుకున్నాడు.

మూడో నూతి చుట్టూ నలుగురైదుగురు ముత్తైదువలు చేరి ఉన్నారు. శనగలు నానబోసుకొచ్చారు, తమలపాకులు పరిచారు. పక్కనే స్తంభం మీద వీధి దీపం పచ్చగా వెలుగుతోంది. పచ్చ అంటే ఆ వీధి కింద గోడ నిలబడి ఉన్నట్టు.

"రా అన్నియ్యా, నీకోసమే సూత్తన్నాం" అంది సన్యాసమ్మ. "ఆ బిందె ఇలాగియ్యి. ముందు నూతికి పొయ్యాల."

"నూతికా? తోడుకునేదానికి పొయ్యడమేటి సెల్లమ్మా?"

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. "ఊరంతటికీ నూతులు కొలిసీ మేస్త్రివి, ఇదీ తెల్దా?" అంది సన్యాసమ్మ. "తొమ్మిదేళ్ల కిందట ఈ నీళ్లు కాస్త ఉప్పగయినాయి. ఉప్పునీళ్లు తోడిన బాలింతకి పాలెలా పడతాయి? అందుకే పుట్టింటోళ్లు బిందెడు తీపినీళ్లు తెచ్చి, ముందు నూతికి తాగించి, ఆ పైన సేద ఏయిత్తారు. ఊళ్లో తెరిసున్న నూతులెన్నని? రోజుకి ఇరవై మంది బాలింతలొత్తారిక్కడికి. నాలిక్కేసి సూడు, ఎంత తీపో!"

దాలినాయుడు చేతిలో బిందె బరువెక్కింది. తీపినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. పోసినది పైనే నిలుస్తుంది. రోజుకు ఇరవై బిందెలు, ఇంత ఇరుకు నూతిలో, తొమ్మిదేళ్లు. కన్ను ఉన్నది ఒక్క బార లోతున. అతను బిందె కింద పెట్టేసి టేపు తీశాడు.

"ఇప్పుడా ఆ కొలత? ముహూర్తం దాటిపోతాది" అంది సన్యాసమ్మ.

ఒక బార దగ్గర ఉప్పంకె అర. రోజూ చూసేదే. టేపు వదిలాడు. రెండు బారల దగ్గర ఆరు. మూడు దగ్గర పదిహేను. నాలుగు బారల దగ్గర గుండు అడుగు బురదను తాకింది. ఇరవై రెండు. సముద్రానికే ముప్పై ఐదు. అంటే ఈ వీధి కింద గోడ ఎప్పుడో పడిపోయింది. ఇక్కడ తీపిగా ఉంది గదా అని గణకం ఈ చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఏటేటా తగ్గించుకుంటూ వచ్చింది. సముద్రం వీళ్ల కాళ్ల కిందుగా నడిచి ఐదో నూతికి చేరింది. ఐదో నూతికి ఏ బాలింతా వెళ్లదు, అది శ్మశానం దారిలో ఉంది. బిందె పడలేదు గనక అది నిజం చెప్పింది, నిజం చెప్పినందుకు దొంగయింది.

సోమవారం పోయిన మనిషి దాలినాయుడికి గుర్తొచ్చాడు.

అతను ఇరవై రెండును పలక మీద రాశాడు. గణకం క్షణంలో తిప్పికొట్టింది: నిర్ణీత లోతు కాదు, కొలత చెల్లదు. మళ్లీ రాశాడు. కంటితో పొసగడం లేదు, కొలత చెల్లదు. మూడోసారి రాస్తే, కొలమేస్త్రికి విశ్రాంతి అవసరం, తడివేడి ముప్పై మూడు, నీడకు వెళ్లండి అని హితవు చెప్పింది. తొమ్మిదేళ్ల తీపి ముందు ఒక్క ముసలాడి మాట ఎంత?

"ఏటైనాది నాన్నా?" నీలవేణి బిడ్డనెత్తుకుని దగ్గరకొచ్చింది. మొహం ఇంకా పాలిపోయి ఉంది.

చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ చెప్పాడు. అడుగున ఉన్నది చెప్పాడు, ఐదో నూతివాళ్ల కోత చెప్పాడు, గురువులమ్మ పెనిమిటి సంగతీ చెప్పాడు. చెప్పి, "నామాట అది వినదమ్మా" అన్నాడు.

ముందుగా తేరుకున్నది సన్యాసమ్మే. "వినకపోతే పోనీయ్. ఎవురితోనూ అనకు. కడుపు సించుకుంటే కాళ్ల మీద పడతాది అన్నియ్యా. మూడు దాటితే ఏటవుతాదో తెలుసునా?"

తెలియకేం. ఒడ్డు నూతిలో ఉప్పంకె మూడు దాటితే ఆ వీధి విడుపు. స్తంభం మీద దీపం నల్లబడుతుంది, తొమ్మిది రోజుల్లో కరెంటూ పంపులూ పోతాయి, గోడను వెనక్కి జరుపుతారు. జనాన్ని కొండగూళ్లకు ఎక్కిస్తారు. కొండ దొలిచి చేసిన ఆ అరల్లో పగలు తాగిన ఎండను రాయి తెల్లార్లూ కక్కుతుంది. పోయిన వేసవిలో అక్కడికెక్కిన చంటిపిల్లల్లో ముగ్గురికి ఒకరు వానలు చూడలేదు. దాలినాయుడు మనవరాలి వైపు చూశాడు. ఇంకా పేరు కూడా పెట్టలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గదా, అతనికి రెండు వైపులా నుయ్యే.

"ఐదో నూతోళ్లు ఎంతమందుంటారు నాన్నా?"

"పన్నెండు వేలు. ఆళ్ల ఎనకాల మెట్టవీధులు. మొత్తం ఎనభై వేలు. నెల్లాళ్లలో ఆళ్ల తాగే బోర్లన్నీ ఇలాగే ఉప్పవుతాయి. ఆళ్లనీ దొంగలే అంటాది."

"అందరి సంగతీ మనకెందుకే!" అంది సన్యాసమ్మ. "నీ కూతుర్ని సూసుకో. ఇరవై రోజుల గుంట!"

నీలవేణి బిందె వైపు చూసింది. ఆ తర్వాత బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టింది. కొత్త తాడును చేదకు కట్టింది, గట్టు మీద బొట్టు పెట్టింది, చేద నూతిలోకి వదిలింది.

"బిందె! ముందు బిందె పొయ్యాలే!" అన్నారు ముత్తైదువలు.

"పొయ్యను" అంది నీలవేణి.

చేద మునిగింది. ఆమె తాడు వదులుతూనే పోయింది, అడుగుకు తగిలేదాకా వదిలింది. తగలగానే బలంగా పైకి లాగింది, మళ్లీ వదిలింది, మళ్లీ లాగింది. మజ్జిగ చిలికినట్టు నూతిని చిలుకుతోంది. పైనున్న తీపి కిందికి, కిందున్న ఉప్పు పైకి. ఆ ఉప్పు కంటికి తగిలితే గణకం నమ్మక తప్పదు.

దాలినాయుడు పలక గట్టు మీద పెట్టాడు. అర ఉన్న అంకె ఒకటయింది. ఒకటింపావు. మళ్లీ ఒకటి. నీలవేణి మళ్లీ తాడు లాగింది. ఇరవై ఒక్క రోజుల బాలింత, చెమటకు చీర ఒంటికి అతుక్కుపోయింది. ఆమె చేతిలోంచి తాడు లాక్కోవాలనిపించింది అతనికి. లాక్కుని తను చిలకడానికో, చిలకకుండా ఆపడానికో అతనికే తెలియలేదు. బాలింత వేసిన తాడు మీద మగచెయ్యి పడకూడదు. పైగా చేతుల్లో పసిది. ముప్పై ఏళ్లుగా ఈ నీళ్ల మీదే బతికిన మనిషి, అలా బిడ్డనెత్తుకుని చూస్తూ నిలబడ్డాడు.

రెండు. రెండుంపావు. నీలవేణి గట్టుకు ఆనుకుని, తాడు వదలకుండా, రొప్పుతూ ఆగిపోయింది. అంకె రెండు దగ్గరకు జారింది.

"సచ్చిపోతావే, పిచ్చిమొకమా!" అని అరిచింది సన్యాసమ్మ. ఒక్క అంగలో వచ్చింది. కోడలి చేతిలోంచి తాడు విడిపిస్తుందనుకున్నారంతా. ఆవిడ కోడలి చేతుల మీదుగా తన చేతులు వేసి తాడు పట్టుకుంది. "పట్టు! పట్టిన దానివి పూర్తిగా పట్టు! నా ఇల్లు ముంచీదానివి సగంలో ఆపుతావేటి?" ఏడుస్తూనే లాగింది, తిడుతూనే వదిలింది. ఆ ఇంట్లో ఆవిడ నలభై ఏళ్లు కాపురం చేసింది.

రెండున్నర. మూడు. మూడుంపావు. స్తంభం మీద పచ్చదీపం ఆరిపోయింది.

నల్లగాజు వెనక ఏ దీపమూ వెలగలేదు. ముత్తైదువల్లో ఒకామె శనగల పళ్లెం పట్టుకుని కూలబడింది. గణకం విడుపు ప్రకటిస్తుందని దాలినాయుడు ఎదురుచూశాడు. ప్రకటన బదులు పలక మీద ఒక ప్రశ్న వచ్చింది. ముప్పై ఏళ్లలో గణకం అతన్ని ఏదీ అడగలేదు.

మూడో నుయ్యి, ఉప్పంకె మూడుంపావు. తొమ్మిదేళ్ల కొలతలతో పొసగడం లేదు. కారణం?

"బాలింతలు మంచినీళ్లు పోస్తున్నారు" అన్నాడు పలకతో. "పైన తేలే నీటినే కన్ను చూసింది."

ఎప్పటి నుంచి?

"తొమ్మిదేళ్ల నుంచి."

ఆ తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది: ఈ ఆచారం తక్కిన నూతుల దగ్గర కూడా ఉందా?

దాలినాయుడు సన్యాసమ్మ వైపు చూశాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఎక్కడ లేదన్నియ్యా?" అంది. "ఒకటో నూతి కాడైతే బిందెల వరసే ఉంటాది."

లేదు అంటే సరిపోతుంది. ఒక్క వీధి పోతుంది. ఐదో నూతికి నీళ్లు తిరిగి వస్తాయి. తక్కిన ఊరు పచ్చగానే ఉంటుంది, ఉన్నన్నాళ్లు. పైగా ఎవరూ తప్పు పట్టరు, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. చేతుల్లో బిడ్డ ఆకలికి పెదాలు చప్పరిస్తోంది. నీలవేణి అతని మొహాన్నే చూస్తోంది. కూతురి ముందు లేదని అనలేకపోయాడు.

"ఉంది" అన్నాడు. "ఐదో నూతి దగ్గర తప్ప, అన్నిటి దగ్గరా ఉంది."

పలక మీద ఊరి పటం తెరుచుకుంది. ఉత్తరాన ఎర్రమట్టి దిబ్బల నుంచి దక్షిణాన రేవు కొండ దాకా పచ్చగా మెరిసే ఒడ్డు. ఒకటో నూతి చుట్టూ ఉన్న పచ్చ తెల్లబడింది. తర్వాత రెండోది, నాలుగోది, ఆరోది, ఏడోది. తెలుపు అంటే ఏమిటో కొలమేస్త్రుల పుస్తకంలో లేదు. గణకానికి నమ్మదగిన కన్ను ఒక్కటే మిగిలింది, పొద్దున్న తానే దొంగ అన్న ఐదో నూతి కన్ను.

వీధి చివర దింపుడు బోరు ఒక్కసారి గురగురమని ఆగిపోయింది. అది ఆగడం ఆ వీధిలో పుట్టినవాళ్లెవరూ ఎరగరు. జనం ఇళ్లలోంచి బయటికొచ్చి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏటంటంది నాన్నా?" అంది నీలవేణి. బిడ్డను అందుకుని గట్టు పక్కన నేల మీద కూర్చుంది.

దాలినాయుడు చదివాడు. "తీపిగోడ పంపకం నిలిచింది. ఆధారమైన కొలతలు లేవు. ఏ బోరులో ఎంత దించాలో కొలమేస్త్రి నిర్ణయించాలి. గడువు ఒక గంట, ఆపైన గోడ నిలవదు."

"అంటే?" అంది సన్యాసమ్మ.

"దానికి తెల్దంట సెల్లమ్మా. మనల్నే అడుగుతంది."

పలక మీద రెండు వందల బోర్ల నెంబర్లు వరసగా దిగాయి. ఒక్కో నెంబరు పక్కన ఒక్కో ఖాళీ గడి. ఒక వీధికి ఎక్కువ రాస్తే ఇంకో వీధికి తక్కువ రాయాలి. ఎవరి కింద సముద్రం ఎంత దూరం వచ్చిందో ఊళ్లో ఒక్కరికీ తెలియదు. దాలినాయుడు మొదటి గడి మీద వేలు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"రాయి నాన్నా" అంది నీలవేణి.

"ఏటి రాయను తల్లీ?" అన్నాడతను.

బిడ్డ పాలు తాగుతోంది. గంటలో నాలుగు నిమిషాలు అప్పుడే అయిపోయాయి.